‘ఎడతెరిపి’లో తెర ఉందా?

మొన్న ఆగస్టులో పిల్లలిద్దరినీ విజయవాడలో అత్తయ్యగారి దగ్గర ఉంచి, పెళ్లయిన పదకొండేళ్లకు మొదటిసారి మేమిద్దరమే రెండు రోజులు విశాఖపట్నంలో గడుపుదామని వెళ్లాము. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త రైలెక్కిన తరువాత గాని మా కంట పడలేదు. దిగినది మొదలు ముసురే. కైలాసగిరి మీది నుంచి సముద్రం చూడాలని ముచ్చటపడి వచ్చినవాళ్లకు హోటలు కిటికీలోంచి ఎదుటి మేడ కూడా సరిగా కనబడలేదు. గదిలో టీవీ పెట్టినప్పుడల్లా ‘ఎడతెరిపి లేని వర్షం’ అన్న మాటే. ఈ చర్చకు మూలం అదే.

రెండో రోజు మధ్యాహ్నం వాన కొంచెం తగ్గగానే ఆటోలో బీచ్ రోడ్డుకు వెళ్లి కురుసుర జలాంతర్గామిని చూశాము. 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా మారిన నౌక అది. లోపల ఉన్నంతసేపు వాన సంగతే తెలియలేదు. బయటికి వచ్చేసరికి మళ్లీ మొదలయింది. “తెరిపిచ్చాక వెళ్దురుగాని, కూర్చోండమ్మా” అన్నాడు ఆటో అబ్బాయి. మొక్కజొన్న పొత్తు తింటూ మావారు ఒక వ్యుత్పత్తి చెప్పారు: వాన సముద్రం మీద తెరలాగా దిగుతుంది, ఆ తెర తొలగితే తెరిపి, పైగా అలకు కూడా ‘తెర’ అనే పేరుంది కదా అని. ఆ చోట, ఆ పూట, వినడానికి ఎంతో బాగున్న మాట. అయినా ఒప్పుకోలేకపోయాను.

ఎందుకంటే పాత రాతలో ఈ మాట ‘తెఱపి’. అందులోది బండి ఱ. తలుపు తెఱచుటలోనిదీ అదే. తమిళంలో తెరవడానికి ‘తిఱ’ అంటారు, అక్కడా బండి ఱయే. యవనిక అనే అర్థంలోనైనా, అల అనే అర్థంలోనైనా ‘తెర’కు ఉన్నది మామూలు రేఫ; తమిళంలోని ‘తిరై’కీ అంతే. నేటి వాడుకలో రెండు రేఫలూ కలిసిపోవడం వల్ల ఈ రెండు మాటలూ చుట్టాలలాగా కనబడుతున్నాయి గాని, నా లెక్కన తెరిపి అంటే తెరుచుకొన్న చోటు, ఖాళీ. తెరపి అన్నా తెరిపి అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక ‘ఎడ’. ఎడం, ఎడబాటు అన్నప్పుడు అది దూరం; ఎడతెగక అన్నప్పుడు నడుమ. “అప్పిచ్చువాడు, వైద్యుడు, ఎప్పుడు నెడతెగక బాఱు నేఱును” అనే సుమతీ పద్యం ఎలాంటి ఊళ్లో ఉండాలో చెబుతుంది; ఆ ఏరు నడుమ తెగకుండా పారుతుంది. అలాగే ఎడతెరిపి లేని వానకు నడుమ సందు ఉండదు. ఒకటి తెగకపోవడం, మరొకటి తెరుచుకోకపోవడం. పత్రికలవాళ్లు రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడుతున్నా, లోపలి బొమ్మలు వేరు.

ఆ రాత్రి అత్తయ్యగారు ఫోన్ చేసి, “మీకు కాస్త తెరిపి దొరికిందా అమ్మా?” అని అడిగారు. మధ్యాహ్నం ఒక గంటసేపు వాన ఆగిందని చెప్పాను. ఆవిడ నవ్వి, “వాన సంగతి కాదే” అన్నారు. జబ్బు నుంచి, అప్పుల నుంచి తెరిపిన పడ్డామంటాము గదా, ఆ తెరిపి ఆవిడ అడిగినది. పిల్లల ఎడబాటులోనూ, మాకు దొరికిన ఆ తెరిపికి ముందు చేరే మాటలోనూ ఒకటే ‘ఎడ’ ఉండటం నాకు ఫోన్ పెట్టేశాక తట్టింది. మీ ప్రాంతాలలో ఈ మాట ఎలా వాడతారో తెలుపగలరు.

*

కరీంనగర్ నుంచి ఒక సభ్యుని జవాబు:

మా ఇంట్లో ‘వాన వెలిసింది’ అనే మాటే ఎక్కువ. పెద్దవాళ్ల నోట అది ‘ఎల్సింది’. దేవుడు వెలిశాడంటే కనబడ్డాడని, బట్ట రంగు వెలిసిందంటే కనబడకుండా పోయిందని అర్థం. వానకు వచ్చేసరికి రెండో అర్థమే దగ్గర. ఇది మీ తెరిపితో సమానమేనా?

*

ఆయనకు నా సమాధానం:

సమానం కాదనే అనుకొంటున్నాను. తెరిపి ఇచ్చిన వాన మళ్లీ వస్తుందన్న అనుమానం ఆ మాటలోనే ఉంది. వెలిసిన వానకు ఆ పూటకు పని అయిపోయినట్టే. విశాఖ స్టేషనులో పెట్టె దించుకొన్నప్పుడు మాకు దొరికినది తెరిపి. వాన వెలిసినది తుని దాటాక. సామర్లకోటలో బండి ఆగేసరికి ఎండ కాస్తున్నది, ఫోనులో మా చిన్నది “ఇంకా ఎంతసేపు?” అని నాలుగోసారి అడుగుతున్నది.