చార్మినార్ రూపాయికి ఎన్ని స్టార్లు ఇవ్వాలి?

ప్రశ్న: ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ వెండి రూపాయి ఆన్‌లైన్‌లో కొన్నాను. తూకం 11.1 గ్రాములు వచ్చింది. ఉండాల్సింది 11.18, అరుగుదల తీసేస్తే పర్లేదు. ప్యాకింగ్ కూడా బాగుంది. కానీ నాణెం మరీ తళతళలాడుతోంది. మీనార్ల చుట్టూ సన్నటి గీతలు. ఎవరో గట్టిగా తోమేశారు, పాత నాణేనికి అది దెబ్బే! ఫొటోలో అది తెలియలేదు. పైగా వారం లేటు. రెండు స్టార్లిస్తే అన్యాయమా?

జవాబు: లేటు పోస్టు వాళ్లది, దానికి స్టార్లు కోయకండి. పాలిష్ చేశామని వివరాల్లో రాశారా?

ప్రశ్న అడిగినవారు: లేదండి. ‘చక్కటి స్థితి’ అని మాత్రం ఉంది.

జవాబు: అయితే ముందు మెసేజ్ పెట్టండి, స్టార్లు తర్వాత. నాకు ఒకాయన 1940 నాటి బ్రిటిష్ రాజు ఆరో జార్జి రూపాయిని ‘అచ్చ వెండి’ అని అంటగట్టాడు. ఆ ఏడు నుంచి అందులో వెండి సగమే కదా. అడగ్గానే మారుమాట లేకుండా డబ్బు వెనక్కిచ్చాడు. నాలుగిచ్చి, జరిగిందంతా రాశాను. ఊరికే ‘వేస్ట్’ అని రాస్తే కొనేవాళ్లకేం తెలుస్తుంది?

ఇంకో జవాబు: రివ్యూలో ఫొటో కూడా పెట్టండి, పక్క నుంచి లైటు పడేలా. ఎదురుగా తీస్తే ఆ గీతలు కనబడవు.