ఎరువుల అంగడి కంప్యూటరు: వైరస్ నుంచి కాపాడుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎమ్మిగనూరు_ఎరువులు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది ఎమ్మిగనూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి. మా నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. మా వీధిలోనే ఇంకో అంగడి వాళ్ల కంప్యూటరుకు ఈమధ్య పెద్ద కష్టం వచ్చింది. మిషన్ బాగానే ఆన్ అవుతుంది, కానీ బిల్లులు, లెక్కలు, ఫొటోలు ఏ ఫైలూ తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక నోటు. 980 డాలర్లు కట్టాలంట, 72 గంటల్లో కడితే సగం, అంటే 490 అంట. రైతులకిచ్చిన అప్పుల పద్దులన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పెద్దాయన అన్నం కూడా సరిగా తినడం లేదు.

మా దగ్గర విండోస్ 10 డెస్క్‌టాప్ ఒకటుంది, లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ అందులోనే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్, అంగట్లో ఈ-పాస్ మిషన్, కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ ఉన్నాయి. యూపీఐ డబ్బులన్నీ మా నాయన ఫోనుకే వస్తాయి. ఒకాయన వచ్చి సెక్యూరిటీ ప్యాకేజీ అని 18 వేలు చెప్తున్నాడు. అంత పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కడప_మొబైల్స్:

18 వేలు దండగ తమ్ముడూ. మంచి యాంటీవైరస్ ఒకటి ఏడాదికి కొని వేసుకో, చాలు.

ఆదోని_లెక్కలు:

తమ్ముడూ, నేను ఆదోనిలో అంగళ్లకు ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు చూసేదాన్ని. పత్తి మండీలు, కిరాణా, ఎరువులు, అన్ని రకాల అంగళ్ల కంప్యూటర్ల ముందూ కూర్చుంటా. పైన అన్న చెప్పినదానితో నేను ఏకీభవించను. యాంటీవైరస్ వద్దని కాదు. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ మీలాంటి అంగడికి సరిపోతుంది, డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు. కానీ ఏ యాంటీవైరస్ అయినా ఏదో ఒకరోజు తప్పిపోతుంది. ఆరోజు నీ చేతిలో ఏముంది అన్నదే అసలు ప్రశ్న.

ఎరువుల అంగట్లో కంప్యూటరు విలువ ముప్పై నలభై వేలు. అందులోని పద్దుల విలువ ఎంత? పత్తికి, వేరుశనగకు, ఉల్లికి అప్పు మీద మందులు ఇస్తారు, పంట చేతికొచ్చాక వసూలు. ఆ మధ్యలో ఎవరి దగ్గర ఎంత రావాలో చెప్పేది ఆ టాలీ ఫైలు ఒక్కటే. అది పోతే రైతు దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోతారు? నువ్వు కాపాడాల్సింది ఆ పద్దుల్ని. ముందు దానికి రెండో కాపీ చెయ్యి, మిగతావి తర్వాత.

రెండు పెన్‌డ్రైవులో, రెండు చిన్న ఎక్స్‌టర్నల్ డిస్కులో కొను. టాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులోనే బ్యాకప్, రిస్టోర్ ఉంటాయి. రోజూ షట్టర్ దించే ముందు బ్యాకప్ తీసి, డిస్కు పీకేసి జేబులో వేసుకో. ఒక రోజు ఒకటి, మరుసటి రోజు ఇంకొకటి. పీకేయడమే ఇక్కడ ముఖ్యం. నేను చూసిన అంగళ్లలో చాలాచోట్ల బ్యాకప్ డిస్కు రాత్రింబవళ్లు సీపీయూకే వేలాడుతూ ఉంటుంది. వైరస్ వచ్చినరోజు E డ్రైవ్, F డ్రైవ్ అన్నీ కలిపి లాక్ చేసేస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా అనుకోవద్దు. సింక్ పెట్టి ఉంటే పాడైన ఫైలే అక్కడికీ ఎక్కి కూర్చుంటుంది. పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకునే వీలుంది, కానీ దానికి గడువుంటుంది.

ఇంకో మాట, ఇది దయచేసి గుర్తుపెట్టుకో. తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో నెలకోసారి చూడాలి. ఆ పాత ల్యాప్‌టాప్‌లో టాలీ వేసి, లైసెన్సు లేకపోయినా ఎడ్యుకేషన్ మోడ్‌లో రిస్టోర్ చేసి, ఒక రైతు ఖాతా తెరిచి నిల్వ సరిపోయిందా చూడు. అంగడి కంప్యూటరులో మాత్రం అదే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేయొద్దు, ఉన్న డేటా మీద పాతది రాసేస్తుంది.

ఇక విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఆలోపు ఈ మిషన్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో చూపించు. ప్యాకేజీకని అడిగిన 18 వేలు మిషన్ మార్చడానికి దాచుకుంటే నయం. 2017 మే నెలలో వన్నాక్రై అని ఇలాగే ఫైళ్లు లాక్ చేసే వైరస్ వచ్చింది కదా, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. దానికి అడ్డుకట్ట వేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు.

ఇలా ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. డిఫెండర్‌లో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఒకటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి టాలీ డేటా ఫోల్డర్‌ను చేర్చు. మొదట టాలీనే ఆపేయొచ్చు, అప్పుడు టాలీకి అనుమతి ఇవ్వాలి. రోజూ బిల్లింగుకు వాడే లాగిన్ అడ్మినిస్ట్రేటర్‌ది కాకుండా చూసుకో. కంప్యూటరులో సంతకం పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవులాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మీకు ఉంటే, సంతకం అయిపోయాక బీరువాలో పెట్టు. ఆ టోకెన్ సీపీయూకు పెట్టి, దాని పాస్‌వర్డ్ మానిటర్‌కు అంటించి వదిలేసిన అంగళ్లు చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కుబుక్కు బల్ల మీద వదిలేసినట్టే అది.

ఎమ్మిగనూరు_ఎరువులు:

అక్కా, చాలా సంతోషం. టోకెన్ మాట నిజం, మాదీ సీపీయూకే ఉంటుంది, ఈరోజే తీసేస్తా. పక్క అంగడి పెద్దాయన డబ్బు కట్టేద్దామని అనుకుంటున్నాడు. ఆయనకు ఏం చెప్పాలి?

కర్నూలు_హార్డ్‌వేర్:

కట్టొద్దని చెప్పు బాబూ. కడితే ఫైళ్లు తెరిచే తాళంచెవి ఇస్తారన్న గ్యారంటీ ఏమీ లేదు. నువ్వు చెప్పిన లెక్క, 980, 490, రీడ్‌మీ నోటు, ఇవన్నీ చూస్తే స్టాప్ అనే రకం వైరస్‌లా ఉంది, డీజేవీయూ అని కూడా అంటారు. అది ఎక్కువగా క్రాక్ చేసిన, అంటే లైసెన్సు లేకుండా దొంగతనంగా వాడే సాఫ్ట్‌వేర్, దొంగ లైసెన్సు నంబర్లు తయారుచేసే కీజెన్‌లతోపాటు వస్తుంది. ఎవరో ఉచితంగా ఏదో వేసిపెట్టి ఉంటారు, కనుక్కో.

ముందు ఇంటర్నెట్ వైరు పీకమను. ఫార్మాట్ చేయనివ్వొద్దు. లాక్ అయిన ఫైళ్లన్నీ, ఆ నోటుతో సహా, ఒక డిస్కులోకి కాపీ చేసి దాచాలి. నోటులో పర్సనల్ ఐడీ అని ఉంటుంది. దాని చివర టీ1 (t1) అని ఉంటే అది ఆఫ్‌లైన్ తాళంతో, అంటే వైరస్‌లోనే ముందే పెట్టి ఉన్న తాళంతో లాక్ అయినట్టు, అప్పుడు కొంత ఆశ ఉంది. 2019లో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ దీనికి ఉచిత డిక్రిప్టర్, అంటే లాక్ అయిన ఫైళ్లు తెరిచే ప్రోగ్రాం ఇచ్చింది. అన్ని రకాలకూ పనిచేయదు, కానీ ప్రయత్నించాలి. నో మోర్ రాన్సమ్ అనే సైటులో ఇలాంటివన్నీ ఉచితంగా దొరుకుతాయి, అది యూరప్ పోలీసులు 2016లో మొదలుపెట్టింది. ఈరోజు తాళంచెవి లేకపోయినా రేపు రావొచ్చు, అందుకే ఫైళ్లు దాచమంటున్నా. డేటా తెచ్చిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మనివ్వొద్దు, ఈ బాధలో ఉన్నవాళ్లనే వాళ్లు వెతుక్కుంటారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా పెట్టించు.

ఆ మిషన్‌లో బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు కూడా పోయాయనే అనుకోవాలి. ఈ రకంతోపాటు పాస్‌వర్డులు దొంగిలించేది కూడా చాలాసార్లు దిగుతుంది. బ్యాంకు, మెయిల్, జీఎస్టీ, అన్నీ వేరే మిషన్ నుంచి మార్పించు. బ్యాంకు డబ్బు కదిలినట్టు కనిపిస్తే వెంటనే 1930కి ఫోను, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. త్వరగా చెప్తేనే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి వీలవుతుంది.

మీ డీవీఆర్ పాస్‌వర్డు కూడా మార్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకునే ప్రపంచమంతా పాకింది. రౌటర్‌కూ అంతే. సర్వీసు కోసం దూరం నుంచే కంప్యూటరును నడిపే ఎనీడెస్క్ లాంటిది వేసి, ఎప్పుడంటే అప్పుడు లోపలికి వచ్చేలా పాస్‌వర్డు పెట్టి పోయినవాళ్లు ఉంటే అది తీసేయ్. పని ఉన్నప్పుడు తెరువు, అయిపోగానే మూసేయ్.

ఎమ్మిగనూరు_ఎరువులు:

సార్, ఐడీ చూశాం. చివర టీ1 లేదు. ఫైళ్లన్నీ కాపీ చేసి పెట్టించాను. కట్టడం మానుకున్నాడు. పాత బిల్లు బుక్కుల కార్బన్ కాపీలు అటక మీద దొరికాయి, వాటితో కొంత రాసుకుంటున్నారు.

ఇంకొకటి. మా నాయన ఫోనుకు వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అని ఒక ఫైలు వచ్చింది, ఏపీకే అని ఉంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే వచ్చింది. ఆయన ఇంకా తెరవలేదు.

ఆదోని_లెక్కలు:

తెరవొద్దు, ఇప్పుడే తీసేయండి. పెళ్లి పత్రికైతే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని కూడా ఇలాగే పంపుతున్నారు. వేసుకుంటే మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చామా, ఓటీపీలన్నీ వాళ్లకు పోతాయి. పంపిన వాళ్ల ఫోను ముందే దొంగల చేతిలో పడి ఉంటుంది, ఫోను చేసి వాళ్లకూ చెప్పండి. నాయన ఫోనులో తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఆఫ్ చెయ్యి. అంగడి డబ్బులు వచ్చే ఖాతా వేరే పెట్టుకుని, సాయంత్రానికి పెద్ద మొత్తం అసలు ఖాతాకు మార్చుకుంటే ఇంకా మంచిది. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదని నాయనకు ఒకటికి రెండుసార్లు చెప్పు.

ఎమ్మిగనూరు_ఎరువులు:

తీసేశాం అక్కా. రెండు డిస్కులూ కొన్నా. రెండూ అంగట్లో బీరువాలోనే పెట్టాలా, ఇంటికి తీసుకుపోవాలా?

కర్నూలు_హార్డ్‌వేర్:

ఒకటి కచ్చితంగా ఇంట్లో ఉండాలి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు అంగళ్లలో కంప్యూటర్లు, బీరువాలు అన్నీ మునిగాయి. బురదతో నిండిన హార్డ్‌డిస్కులు సంచుల్లో వేసుకుని నా దగ్గరికి వచ్చారు. కాపీ వేరేచోట ఉన్నవాళ్ల పద్దులు మాత్రమే తిరిగి తెరుచుకున్నాయి. డిస్కు మీద తేదీ రాసి అంటించు, ఏది కొత్తదో ఇంట్లోవాళ్లకు కూడా తెలుస్తుంది.