సిటిజన్‌షిప్ వచ్చిందా, తీసుకున్నారా?

పెరుగన్నం:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 71 ఏళ్ళు. అమెరికా గ్రీన్‌కార్డు 2004లో వచ్చింది, ఇన్నేళ్ళూ "నాకెందుకురా ఆ పౌరసత్వాలూ అవీ" అంటూ దాటేసి, చివరికి 2025 ఆగస్టులో ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు ఫారం) వేసింది. 65 దాటి, గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష లేదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలకి దుబాసీని పెట్టుకుని తమ భాషలోనే జవాబులు చెప్పుకోవచ్చు. చదవాల్సినవి 20 ప్రశ్నలే, అందులో 10 అడుగుతారు, 6 చెబితే గట్టెక్కినట్టే. కొత్త పరీక్ష మొదలైన 2025 అక్టోబర్ 20కి ముందే వేశాం కాబట్టి మాకు పాత 2008 ప్రశ్నలే.

సరే, ఆ 20 నేనే తెలుగులో అట్టముక్కల మీద రాసిద్దామని కూర్చున్నా. "కాంగ్రెసులోని రెండు భాగాలు ఏవి?" అన్న అట్ట చూసి అమ్మ, "ఏం, మళ్ళీ చీలిపోయిందా?" అంది. సెనేటు, ప్రతినిధుల సభ అని చెప్పేసరికి అరగంట పట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేచురలైజేషన్‌కి, అంటే వేరే దేశంలో పుట్టినవాళ్ళు దరఖాస్తు పెట్టి పౌరులు కావడానికి, తెలుగులో ఏమనాలి? పోటీ పరీక్షల పుస్తకాల్లో "సహజీకృత పౌరసత్వం" అని చూశాను. అమ్మకి చదివి వినిపిస్తే "అంటే ఇన్నాళ్ళూ అసహజంగా ఉన్నానా ఇక్కడ?" అంది. ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

తాళపత్రం:
బాబూ, సహజీకృతం సంగతి తర్వాత, ముందు ఆ పౌరసత్వంలో "స" ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరైనా చెబుతారా? సభ్యుడు సభ్యత్వం, నాయకుడు నాయకత్వం, మానవుడు మానవత్వం. ఆ లెక్కన పౌరుడికి పౌరత్వం కావాలి. కన్నడం వాళ్ళూ మలయాళీలూ శుభ్రంగా పౌరత్వమే అంటారు. మనకొక్కరికే మధ్యలో ఒక స వచ్చి కూర్చుంది. పోనీ "సత్త్వం" అనుకుందామా అంటే దానికి త ఒత్తు కూడా లేదు.

ఇస్త్రీపెట్టె:
మాస్టారూ, ఆ బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. 2019లో ఆ చట్టం వచ్చినప్పుడు ప్రతి తెలుగు పేపర్లోనూ "పౌరసత్వ సవరణ చట్టం" అనే వచ్చింది. ఇప్పుడు పౌరత్వం అని రాస్తే అచ్చుతప్పు అనుకుంటారు. హిందీలో నాగరికత అంటే సిటిజన్‌షిప్, మనకేమో సంస్కారమూ నాగరికతానూ. ఎవరి నగరం వాళ్ళది. నేచురలైజేషన్‌ని వాళ్ళు దేశీయకరణ్ అంటారు, అది కొంత నయం, కనీసం "నువ్వు అసహజం" అని ఎవర్నీ అనదు.

తాళపత్రం:
పురంలో ఉండేవాడు పౌరుడు. ఇంగ్లీషు సిటిజన్ కూడా సిటీలోంచి వచ్చిందే. పల్లెటూరివాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు చూశారా. అయినా అచ్చుతప్పు అన్నారు కదా, నేను మాత్రం పౌరత్వమే రాస్తాను, దిద్దుకోండి.

జీడిమామిడి:
నామవాచకాల కోసం ఎందుకండీ ఇంత తంటా, క్రియలు చూడండి. డాలస్‌లో మా బ్యాచ్‌మేట్లు పదిమంది కూర్చుంటే ఎప్పుడూ వినేది: "వాడికి గ్రీన్‌కార్డు వచ్చింది", "వాడు సిటిజన్‌షిప్ తీసుకున్నాడు". తిప్పి "గ్రీన్‌కార్డు తీసుకున్నాడు" అంటే ఏదో వెలితిగా ఉంటుంది. ఎందుకంటే ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకి పెట్టిన ఇండియావాళ్ళం ఏళ్ళ తరబడి డేట్ కరెంట్ అవుతుందా, అంటే మన వంతు వస్తుందా అని ప్రతి నెలా వీసా బులెటిన్ చూసుకుంటూ కూర్చుంటాం, ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక దేశంలో పుట్టినవాళ్ళకి 7 శాతం మించకూడదన్న లెక్క ఒకటి ఉంది కదా, అది మన చేతిలో లేదు, వర్షం వచ్చినట్టు రావాలి. సిటిజన్‌షిప్ అలా కాదు. 5 ఏళ్ళు నిండితే, సిటిజన్‌ని పెళ్ళాడి కలిసి ఉంటే 3 ఏళ్ళకే, ఇంకో 90 రోజులు ఉండగానే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. వెయ్యాలా వద్దా అన్నది మన ఇష్టం. అందుకే తీసుకుంటాం. ఈ తేడా ఏ నిఘంటువులోనూ దొరకదు, మన నోళ్ళలో మాత్రం పక్కాగా ఉంది.

పెరుగన్నం:
జీడిమామిడి గారూ, భలే పట్టారు. మీరన్నాక నాకింకోటి తట్టింది. ఫారం నింపేటప్పుడు నన్ను ఏడిపించింది నేచురలైజేషన్ కాదు, దాని కింద ఉన్న రెండు షరతులు. ఒకటి 5 ఏళ్ళు నిరంతరంగా నివాసం ఉండాలి. రెండోది ఆ 5 ఏళ్ళలో 30 నెలలు శరీరంతో సహా ఇక్కడ ఉండాలి. రెండింటికీ తెలుగులో "ఉండాలి" అనే వస్తుంది, అమ్మకి ఎలా విడదీసి చెప్పాలా అని బుర్ర గోక్కున్నా. చివరికి ఆవిడే తేల్చేసింది. "గుడివాడలో ఉన్నప్పుడు కూడా ఎవరైనా అడిగితే నేను అమెరికాలో ఉంటాను అనే చెప్పేదాన్ని కదరా" అంది.

అంతే కదా! గుడివాడలో ఉంది, అమెరికాలో ఉంటుంది. ఉంటుంది అన్నది నివాసం, ఉంది అన్నది 30 నెలల లెక్క. ఒకే ధాతువు, రెండు రూపాలు, చట్టం రెండు పేరాల్లో చెప్పింది ఇందులో పట్టేసింది. ఒకేసారి 6 నెలలు దాటి బయట ఉంటే "ఉంటుంది" మీద అనుమానం మొదలవుతుంది, ఏడాది అయితే మామూలుగా తెగిపోయినట్టే. అమ్మ ఒకసారి 5 నెలల 20 రోజులు ఉండి వచ్చింది, ఆ పది రోజుల తేడాకి నాకెంత టెన్షనో.

ఇంకో తమాషా. 24 గంటలు దాటిన ప్రయాణాలన్నీ గత 5 ఏళ్ళవి తేదీలతో రాయాలి. నేను పాస్‌పోర్టు స్టాంపులు భూతద్దం పెట్టి చూస్తుంటే అమ్మ పక్కన కూర్చుని "అది మీ బాబాయి సంవత్సరీకానికి వెళ్ళింది, ఆశ్వయుజ బహుళ పంచమి ముందురోజు దిగాను" అని చెబుతోంది. ఒక చేత్తో పాస్‌పోర్టు, ఒక చేత్తో ఫోన్లో పంచాంగం. రెండూ సరిపోయాయి, ఒక్క తేదీ కూడా తప్పు పోలేదు.

తంగేడుపువ్వు:
మాది నిజామాబాద్ దగ్గర ఊరు. అందరూ అమెరికా మాటలే మాట్లాడుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతా. ఇమిగ్రంట్‌కి తెలుగు "వలసదారు" అంటారు పేపర్లలో. మీలో ఎవరైనా మీ గురించి చెప్పుకునేటప్పుడు "మేం వలస వచ్చాం" అంటారా? అనరు. ఎన్నారై అంటారు, "అమెరికాలో సెటిలయ్యాం" అంటారు. వలస అనే మాట పాలమూరు నుంచి ముంబై, పుణెలకి మట్టిపనికి పోయినవాళ్ళకీ, మా ఊళ్ళనుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్ళకీ వదిలేశారు. మా మామ గల్ఫ్‌లో 26 ఏళ్ళు చేశాడు, మా ఇంట్లో సిటిజన్‌షిప్ అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు, ఎందుకంటే అక్కడ కూలీకి ఆ దారే లేదు, పని ఉన్నంతవరకే వీసా. ఆయన విషయంలో మేం వాడే క్రియ ఒక్కటే, "వాపసొచ్చిండు".

జీడిమామిడి:
నిజమే అన్నా. నా ఫారం నిండా ఇమిగ్రంట్ అనే ఉంటుంది, నేనే ఎప్పుడూ ఆ మాట నాకు తగిలించుకోలేదు. ఒప్పుకుంటున్నా.

ఇస్త్రీపెట్టె:
ఎదురు దిక్కు నుంచి కూడా చూడండి, మన దేశంలో పౌరసత్వం అడిగేవాళ్ళూ ఉంటారు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం నేచురలైజేషన్‌కి మామూలుగా, వేసేముందు 12 నెలలు వరసగా, అంతకుముందు 14 ఏళ్ళలో 11 ఏళ్ళు ఇక్కడ ఉండాలి, దానితోపాటు రాజ్యాంగం 8వ షెడ్యూల్లోని భాషల్లో ఏదో ఒకటి తగినంత వచ్చి ఉండాలి. ఆ 22లో తెలుగు ఒకటి. అంటే ఎక్కడో పుట్టి విజయవాడలో స్థిరపడిన మనిషికి హిందీ ముక్క రాకపోయినా తెలుగు వస్తే ఆ షరతు తీరినట్టే. ఇక్కడ పుట్టి తెలుగు రాయలేని మన పిల్లల్ని ఎవరూ పరీక్ష పెట్టరు, అది వేరే ఏడుపు.

వేరే దేశం పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు మీదే ఒక భాషా చర్చ పెట్టొచ్చు. పేరులో సిటిజన్ అని ఉంటుంది, కానీ ఓటు లేదు, సాగుభూమి కొనడానికి లేదు. పౌరుడు కాని పౌరుడు. తాళపత్రం గారి "స" పౌరసత్వానికి సరిగ్గా సరిపోయేది ఇదే.

తాళపత్రం:
చూశారా, చివరికి నా "స"కి ఒక ఉపయోగం దొరికింది. పెరుగన్నం గారూ, అట్ట మీద "పౌరత్వం తీసుకోవడం" అని రాసెయ్యండి, నేచురలైజేషన్ అనే ముక్కే వద్దు. కానీ ప్రమాణం దగ్గర జాగ్రత్త, అక్కడ తీసుకోవడం పక్కనే వదులుకోవడం ఉంటుంది.

పెరుగన్నం:
అక్కడే ఆగి ఉన్నాం మాస్టారూ. ఇన్నాళ్ళూ విధేయంగా ఉన్న పరాయి రాజులూ, ఏలికలూ, దేశాలూ అన్నింటినీ పూర్తిగా విడిచిపెడుతున్నాను అని ఉంటుంది ఆ ప్రమాణంలో. మన చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం మనకై మనం ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే ఇండియాది పోతుంది, ఆ తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చెయ్యడం కాయితాల పనే. జీడిమామిడి గారూ, తీసుకోవడం మన ఇష్టం అన్నారు. ఇదిగో దానికి జత, ఇది "పోతుంది", మనం చేసేది కాదు.

నేను అట్ట మీద "ఒట్టు" అని రాశా, అమ్మకి దగ్గరగా ఉంటుందని. రాత్రి చదివి, అట్ట వెనక్కిచ్చి, "ఒట్టయితే తీసి గట్టున పెట్టొచ్చురా, చిన్నప్పుడు ఎన్ని పెట్టలేదు. ఇది అలాంటిది కాదుగా, ప్రమాణం అని రాయి" అంది. కొట్టేసి రాశాను. ఇంటర్వ్యూ వచ్చే నెల.