వాగ్దానం కార్డు మీద పెట్టుకునే ఆశ క్రైస్తవ నిరీక్షణేనా?

ఒలీవ కొమ్మ:
అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా మందిరంలో వాగ్దానం కార్డులు ఇస్తారు. చాలా సంఘాల్లో ఇదే పద్ధతి. పళ్ళెంలో బోర్లించి పెడతారు, తలా ఒకటి తీసుకుంటారు. చేతికి వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అనుకుంటారు. మా అక్కకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మన విషయంలో తలపెట్టినవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే వాక్యం. అప్పటికే ఆమెకు డయాలసిస్ నడుస్తోంది. కార్డును బీరువా అద్దానికి అంటించుకుంది. ఆగస్టులో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇలా వాక్యాలు పంచి, వాటి మీద ఆశ పెట్టుకోమనడం సరైనదేనా? నాకు కాదనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బేతెస్ద:
వందనాలు సిస్టర్. ప్రభువు మీ కుటుంబాన్ని ఆదరించును గాక. కానీ వాక్యాన్ని అనుమానించడం మంచిది కాదు. మా ఇంటి సంగతి చెప్తాను. మా నాన్న కూలి డబ్బులు చేతిలో పడగానే సారా కొట్టుకే వెళ్ళేవాడు. ఒక ఏడాది మా అమ్మకు అపొస్తలుల కార్యములు 16:31 వచ్చింది, నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు అని. ఆ కార్డు బియ్యం డబ్బాలో పెట్టుకుని, బియ్యం తీసిన ప్రతిసారీ చదువుకునేది. డబ్బాలో బియ్యం లేని రోజు కూడా మూత తీసి చదివేది, నేను చూశాను. ఉజ్జీవ కూటాల చివరి రాత్రి నాన్న అందరి ముందూ మోకాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ ముట్టలేదు. కార్డు మీది మాట నెరవేరదని మాకెవరైనా చెప్పగలరా?

గుండ్లకమ్మ:
బ్రదర్, మీ నాన్నగారు మారినందుకు దేవునికి స్తోత్రం. అయితే 16:31 పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాల నాయకుడికి చెప్పిన మాట. ఇక యిర్మీయా 29 ఒక ఉత్తరం. నెబుకద్నెజరు రాజు బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసింది. 11వ వచనానికి ముందు 10వది చదవండి, డెబ్బై ఏళ్ళు అని ఉంటుంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంతూరు చూడకుండానే పోతారు.

28వ అధ్యాయం కూడా చూడండి. హనన్యా అనే ప్రవక్త చెరపోయినదంతా రెండేళ్ళలో తిరిగొస్తుందని మందిరంలో జనం ముందు ప్రకటించి, బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. వినడానికి హాయిగా ఉన్న మాట అతనిదే. దేవుడు పంపిన మాట మాత్రం కాదు. మనం కార్డు మీద యిర్మీయా వాక్యం అచ్చువేసి, హనన్యా అర్థం చెప్పుకుంటున్నాం.

షారోను:
ఆమెన్. ఈ సంగతి మా పాస్టరయ్యగారు ఎప్పుడూ చెప్పలేదు.

బేతెస్ద:
వాక్యం సజీవమైనది. అప్పటివాళ్ళకే చెల్లుతుందంటే ఇక బైబిలు ఎందుకు చదవాలి? కీర్తన 23 దావీదుది, మనం పాడకూడదా? మీ లెక్క ప్రకారం మా అమ్మ ఎవరి ఉత్తరమో చదువుకున్నట్టా?

గుండ్లకమ్మ:
చదవొద్దని నేననలేదు. 10వ వచనంతో కలిపి చదవమంటున్నాను.

బేతెస్ద:
చదువు ఎక్కువైతే విశ్వాసం ఇలాగే సన్నబడుతుంది.

హేతువు:
బయటివాడిని, ఒక మాట అడుగుతాను. బతుక్కి అర్థం కావాలంటే పిల్లలున్నారు, పనుంది, సాటి మనిషి ఉన్నాడు. దేవుడెందుకు? పైగా ఈ ఆశ మన జిల్లాలకు వచ్చిందే కరువులో గంజి పోసి. పేదవాడి ఆకలి మీద కట్టిన విశ్వాసం కాదా ఇది?

గుండ్లకమ్మ:
ఒంగోలు సంగతి గనుక నేనే చెప్పాలి. 1876–78 కరువులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. జనానికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. అది ఆగాకే మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలీ ఆగిపోయాక కూడా వచ్చారంటే వాళ్ళకు కావలసింది గంజి ఒక్కటే కాదు. వాళ్ళలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి రానివ్వని మాదిగలు. నువ్వూ దేవుని బిడ్డవే అన్న మాట అంతకుముందు వాళ్ళతో ఎవరన్నారు?

హేతువు:
ఆత్మగౌరవం అంటే ఒప్పుకుంటాను. అది దేవుడు లేకుండానూ వస్తుంది.

నైట్ డ్యూటీ:
నేను డయాలసిస్ వార్డులో నర్సును, నమ్మకస్తురాలినే. ప్రార్థన నూనె సీసా తలగడ కింద పెట్టుకుని మందులు వాడుకునేవాళ్ళతో నాకే ఇబ్బందీ లేదు. నయమైపోయింది, డయాలసిస్ వద్దు అని ఎవరో చెప్తే మానేసి, ఒళ్ళంతా నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే వస్తారే, వాళ్ళను చూసినప్పుడు నాకు దుఃఖం ఆగదు. వాళ్ళకు ఆశ ఇచ్చిన మనిషి ఆ రాత్రి వార్డులో ఉండడు.

బేతెస్ద:
మందులు మానమని నేను ఎవరికీ చెప్పలేదు. ఒలీవ సిస్టర్, తప్పుగా అనుకోకండి. మీ ఇంట్లో అందరూ ఏకమనస్సుతో ప్రార్థించారా? ఒక్కోసారి ఇంట్లో ఒకరి సందేహం కూడా అడ్డుపడుతుంది.

షారోను:
బ్రదర్, ఈ మాట అనాల్సింది కాదు.

నిర్వాహకులు:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఒలీవ గారూ, ఆ పోస్టు తీసేయమంటారా?

ఒలీవ కొమ్మ:
తీయొద్దు. ఇదే మాట భూస్థాపన అయిన మూడో రోజు మా ఇంటికొచ్చి, మా అమ్మ ముందు కూర్చుని అన్నవాళ్ళున్నారు. అమ్మ ఇప్పటికీ తనకే సందేహం ఉందేమోనని రాత్రుళ్ళు లేచి కూర్చుంటుంది. బేతెస్ద బ్రదర్, ఎదిగిన బిడ్డను సమాధి చేసిన తల్లి మీద ఇంకో బరువు పెడుతున్నారు మీరు.

నన్ను కుదిపేసింది కార్డు ఒక్కటే కాదు. అక్క చివరి వారం హబక్కూకు మూడో అధ్యాయం చదివించుకుంది, అంజూరపు చెట్లు పూయకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అనే చోటు. చదువుతూ నేను ఏడిస్తే తనే నా చెయ్యి నిమిరింది. నాకు భయం లేదే, నువ్వు అమ్మను చూసుకో అంది. నా జీవితంలో నేను చూసిన గొప్ప సాక్ష్యం అది. దేవుడు తమకు చేసింది అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల కూడికలో చెప్తానని చేయి ఎత్తాను. కొత్తవాళ్ళు వచ్చారమ్మా, వాళ్ళ విశ్వాసం దెబ్బతింటుంది, ఆదరణ కూడికలో చెప్పుకుందువు అన్నారు కూడిక నడిపేవాళ్ళు. మైకు నా పక్కనున్నాయనకు ఇచ్చారు, ఆయనకు వీసా వచ్చింది. ఆయన సంతోషం నాకూ సంతోషమే. కానీ భయం లేకుండా చనిపోవడం దేవుని కార్యం కాదా? హెబ్రీయులకు 11లో విశ్వాసం వల్ల కత్తివాత తప్పించుకున్నవాళ్ళున్నారు, ఖడ్గంతో చంపబడినవాళ్ళూ ఉన్నారు. అధ్యాయం ఒక్కటే. మన మైకు మొదటివాళ్ళకే ఎందుకు?

నైట్ డ్యూటీ:
మా వార్డులో అక్క లాంటి వాళ్ళు ఉంటారు ఒలీవ గారూ. పక్క బెడ్ వాళ్ళకు ధైర్యం చెప్తుంటారు. డాక్టరు కన్నా వాళ్ళ మాటే వింటారు.

బేతెస్ద:
చదివాను. చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

నా భయం కూడా చెప్తాను. మీ ఇళ్ళల్లో చదువుంది, జీతం ఉంది. అక్కకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించగలిగారు. మాకు పొలం లేదు. నా చెల్లెలు డిగ్రీ చదివి బట్టల షాపులో నిలబడుతోంది. దేవుడు ఈ ఏడాది ఏదో ఒకటి చేస్తాడు అన్న మాట మీదే మా ఇల్లు నడిచింది. చేసినా చేయకపోయినా ఆనందించు అంటే, ఊళ్ళో పెద్దవాళ్ళు మా తాతలకు చెప్పిన మాటలాగే వినిపిస్తుంది నాకు. ఉన్నదానితో సర్దుకో, పై లోకంలో చూసుకుందాం అన్నట్టు. అందుకే నాకు కోపం వస్తుంది.

హేతువు:
ఈ ఒక్క విషయంలో నేను బేతెస్ద గారి పక్షం.

ఒలీవ కొమ్మ:
బ్రదర్, చెల్లెలికి ఉద్యోగం అడగండి, నేనూ అడుగుతాను. సర్దుకోమని నేను చెప్పను. అక్క కూడా బతకాలనే అడిగింది, చివరిదాకా అడిగింది. రాకపోతే దేవుడు మిమ్మల్ని వదిలేశాడనీ, మీ అమ్మగారి ప్రార్థనలో లోపముందనీ ఎవరూ అనకూడదు. నా గొడవ అంతే.

గుండ్లకమ్మ:
ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నదీ ఆ ఉత్తరమే బ్రదర్. ఈ లోకం సంగతి వదిలేయమని యిర్మీయా చెప్పలేదు. క్లౌ గారి తర్వాత ఆ పల్లెల్లో పిల్లలకు బడులు నడిచింది కూడా అందుకే. చెల్లెలు ఏ డిగ్రీ చేసిందో రాయండి.

బేతెస్ద:
బీకాం కంప్యూటర్స్. కార్డుల విషయంలో మాత్రం నా మాట మారదు.

ఒలీవ కొమ్మ:
మారకపోయినా ఫర్వాలేదు. వచ్చే సాక్ష్యాల కూడికలో నేను మళ్ళీ చేయి ఎత్తుతాను. మీ సంఘంలో నాలాంటివాళ్ళు ఎత్తితే మైకు ఇవ్వమని మీరు అడుగుతారా?