లోకల్ చానల్‌కిచ్చిన ఎపిసోడ్ వెనక్కొచ్చింది, ఫుటేజీ పనికొస్తుందా? (అనంతపురం)

సేద్యం_టీమ్
అన్నలూ, అనంతపురంలో కేబుల్ లోకల్ చానల్‌కి వారానికో అరగంట సేద్యం కార్యక్రమం ఒప్పుకున్నాం. మొదటి ఎపిసోడ్ చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం మీద. రెండు ఫోన్లు, రెండు వైర్‌లెస్ కాలర్ మైకులు, ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్. చానల్ వాళ్లు నాలుగు ముక్కలు రాసి పంపినారు: ఫైలు ఆడలేదు (వేరే సిస్టంలో వేసి చూసినారంట), ఆఫీసు గదిలో తీసిన సీన్లలో గీతలు పారుతున్నాయి, పేర్లు పక్కన తెగినాయి, రైతు గొంతు అసలు రావడం లేదు. మా ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగానే ఉన్నాయి. దీన్నే బాగు చేయొచ్చా, మళ్లీ తీయాలా?

బురుజు_ఎడిటర్ (కర్నూలు)
ఫైలు ఆడకపోవడం సులువైనదే. ఫోన్ సెట్టింగుల్లో హెచ్.265 (వీడియోను కుదించే కొత్త పద్ధతి) ఉంటుంది, ఎడిటింగ్‌లోనూ అదే పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసింటారు. చానల్లో ఫైళ్లు ఆడించే పాత ప్లేఅవుట్ సిస్టంలు చాలావాటికి అది మింగుడు పడదు. ఎక్స్‌పోర్ట్‌లో ఇవి పెట్టండి: పాత పద్ధతి హెచ్.264, ఎంపీ4, 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు ప్రోగ్రెసివ్ (ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ), సెకనుకు 8 మెగాబిట్లు, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. అరగంటలో యాడ్స్ పోను మిగిలే 24 నిమిషాలకు దగ్గర దగ్గర 1.5 జీబీ అవుతుంది. ఇంటర్‌లేస్డ్ (ఫ్రేమును రెండు సగాలుగా పంపేది) జోలికి పోవద్దు, ఆ సగాల వరుస తారుమారైతే కదిలే ప్రతి బొమ్మా వణుకుతుంది.

గీతల సంగతి వేరు, అది షూటింగ్‌లో జరిగిన తప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫోన్ ఆటోలో 30 ఫ్రేములు, 1/60 షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే సమయం, సెకనులో అరవయ్యో వంతు) పెట్టుకుంటే ఆ లెక్క కుదరక పట్టీలు పారుతాయి. మాన్యువల్ కంట్రోల్ ఉన్న కెమెరా యాప్‌లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50కి లాక్ చేయండి, వెలుగు ఎక్కువుంటే 1/100. కొన్ని చౌక ఎల్‌ఈడీ బల్బులు అప్పటికీ మినుకుతాయి, వాటిని ఆర్పి కిటికీ దగ్గర కూర్చోబెట్టడమే మందు. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా కాలిపోతుంది, అక్కడ ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) తగిలించాల. ఎడిటింగ్‌లో మినుకు తగ్గించే డీఫ్లికర్ వేస్తే గీతలు కొంచెం తగ్గుతాయి గానీ పోవు. ఆ గది సీన్లు మళ్లీ తీయండి, చేను సీన్లకు ఏమీ కాలేదు.

ఇంకొకటి, మీరడగలేదు గానీ రేపు ఇదే వస్తుంది. ఫోన్ ఫ్రేముల వేగాన్ని తనిష్టంగా మారుస్తుంటుంది. అట్లాంటి క్లిప్పును నేరుగా టైమ్‌లైన్‌లో వేస్తే పదిహేను నిమిషాల తర్వాత పెదాలొకచోట, మాటొకచోట. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మారని ఫ్రేముల వేగం) పెట్టి మార్చుకున్నాకే ఎడిటింగ్‌కి కూర్చోండి. 30లో తీసింది 25కి దించితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోయి, కెమెరా తిప్పిన చోటల్లా కుదుపు తెలుస్తుంది. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే మోడ్) కూడా ఆఫ్ చేయండి, లేకుంటే టీవీలో రంగులు వెలిసిన పంచెలాగా వస్తాయి.

కాలర్‌మైకు
రైతు గొంతు ఎక్కడికీ పోలేదు. మీ రిసీవర్ స్టీరియో మోడ్‌లో ఉంది: యాంకర్ ఎడమ, రైతు కుడి. ల్యాప్‌టాప్‌లో రెండు స్పీకర్లూ మోగుతాయి కాబట్టి మీకు తెలియదు. చానల్ వైపు ఎడమ చానల్ ఒక్కటే లైన్లోకి పోతున్నట్టుంది. టైమ్‌లైన్‌లో ఒక్కో మైకును విడదీసి, రెండూ మధ్యకు తెచ్చి మోనో చేయండి. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల మైకు మాత్రం ఉంచి రెండోది దించేయండి, లేకుంటే డొల్ల శబ్దం వస్తుంది. దీనికి రీషూట్ అక్కర్లేదు. ఇకమీద రిసీవర్‌ను మోనోలో పెట్టండి.

మైకు గడ్డానికి జానెడు కింద ఉండాల. లెవెల్ గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాల, సున్నాకు కొడితే పగిలిన గొంతును ఎవరూ అతికించలేరు. అనంతపురంలో ఆషాఢం గాలికి మైకు మీది చిన్న స్పాంజి చాలదు, బొచ్చు తొడుగు కొనండి. గాలి వచ్చే దిక్కుకు రైతు వీపు పెట్టి నిలబెట్టండి. గాలి మోతను తర్వాత తీసేద్దామంటే మాట కూడా దాంతోపాటే సన్నబడుతుంది. పూర్తయిన ఫైలు లౌడ్‌నెస్ ఎంతుండాలో చానల్‌నే అడగండి. టీవీ ప్రమాణంలో మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద చెవికి వినబడే గట్టిదనాన్ని కొలిచే లెక్క) అనేది ఒకటుంది, యూట్యూబ్‌కి చేసినది దానికంటే బాగా గట్టిగా ఉంటుంది. రెంటికీ ఒకటే ఫైలు వాడొద్దు.

హెడ్‌ఎండ్_డ్యూటీ
పేర్లు తెగడం గురించి. ఎస్‌డీలో (పాత తక్కువ స్పష్టత ప్రసారంలో) పోయే చానల్ బొమ్మను పాత టీవీ ఆకారం 4:3కి కోసిందంటే 1920లో అటు 240, ఇటు 240 పిక్సెల్స్ పోతాయి, మిగిలేది మధ్యలోని 1440. అక్షరాలన్నీ దాంట్లోనే, అంచుకు ఇంకా ఎడంగా ఉండాల. కింద స్క్రోలింగ్ యాడ్ పోతుంటుంది, కాబట్టి పేరు పట్టీని ఇంకాస్త పైకి జరపండి. చాలామంది ఇది మరిచి రైతు పేరు మీద చీరల యాడ్ పోయేలా చేస్తారు.

అక్షరం సన్నగా ఉంటే 576 గీతలకు దిగేసరికి ఒత్తులు ముద్దగా అయిపోతాయి. లావు ఫాంటు, 60 పిక్సెల్స్‌కు తక్కువ వద్దు. "కళ్యాణదుర్గం", "తాడిపత్రి", "శాస్త్రవేత్త" అని మూడు మాటలు కొట్టి చూడండి, ఒత్తులు విడిపోతే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలను పేర్చే ఇంజిన్ మార్చాల. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే సౌత్ ఏషియన్ అనే ఎంపిక ఉంటుంది. కుదరకపోతే వేరేచోట వెనకాల ఖాళీగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా చేసుకుని పైన వేయండి.

ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, తేదీ ముందు. కేబుల్ రూల్స్ ప్రకారం గంటకు యాడ్స్ 12 నిమిషాలు దాటకూడదు, అరగంటకు ఆరు. అందుకే 24 నిమిషాలు, ఎనిమిదేసి నిమిషాల మూడు భాగాలు ఇస్తే బ్రేకు మాట మధ్యలో పడదు.

సేద్యం_టీమ్
మోనో చేస్తే గొంతు వచ్చింది! ఇంకో రెండు. వెనకాల సినిమా పాట మ్యూజిక్ ఉంది, పర్వాలేదా? ఇదే ఎపిసోడ్ కడపలో వేరే కేబుల్ వాళ్లకీ ఇవ్వచ్చా?

హెడ్‌ఎండ్_డ్యూటీ
పాట తీసేయప్పా. డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన హక్కు రాదు, మాటలకూ బాణీకీ ఒకరు, రికార్డింగుకు ఇంకొకరు హక్కుదారులుంటారు. మీ ఊరి చెక్కభజన బృందాన్ని రికార్డు చేసి, సంతకం తీసుకుని వాడుకోండి.

కడప సంగతి: 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎంఎస్‌ఓ (కేబుల్ నెట్‌వర్క్ నడిపే పెద్ద ఆపరేటర్) లోకల్ చానల్లో వేసే కార్యక్రమం ఆ నెట్‌వర్క్‌కే ప్రత్యేకంగా ఉండాల, ఇంకో ఆపరేటర్‌తో పంచుకోకూడదు. గుడి, గురుద్వారా లాంటి చోట్ల నుంచి లైవ్‌కు మినహాయింపు ఉంది. కడపకు వేరే ఎపిసోడ్ తీయండి. వేసినదాని రికార్డింగు చానల్ వాళ్లు 90 రోజులు ఉంచాల, మీరూ అసలు క్లిప్పులు అంతకాలం చెరపొద్దు. మందుల మోతాదు ఎవరైనా చెప్తే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో సరిచూసుకున్నాకే వేయండి, ఫిర్యాదులొచ్చేది మోతాదుల మీదే.

బురుజు_ఎడిటర్ (కర్నూలు)
రీషూట్‌కు పోయే ముందు ఒక్క నిమిషం శాంపిల్ చేసి చానల్‌కివ్వండి. ఒక పేరు పట్టీ, ఇద్దరి గొంతులు, ట్యూబ్‌లైటు కింద తీసిన షాటు ఒకటి ఉంటే చాలు. రాత్రి పన్నెండు దాటినాక ఎక్కించమని అడిగి, సెట్‌టాప్ బాక్సున్న ఇంట్లో పాత టీవీలో చూడండి, ల్యాప్‌టాప్‌లో కాదు.