వ్యాపారంతో ఊరి కష్టం తీరుతుందా?

కడప, డిగ్రీ విద్యార్థి: లాభం తీసుకుంటూనే పేదరికం తగ్గించొచ్చని మా క్లాసులో చెప్పారు. పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకునూ, దాన్ని పెట్టిన యూనస్‌కూ బ్యాంకుకూ కలిపి 2006లో వచ్చిన నోబెల్ శాంతి బహుమతినీ ఉదాహరణగా చూపించారు. మన సీమలో ఇది కుదురుతుందా?

కర్నూలు: కుదరదు తమ్ముడూ. పేదలకు అప్పులిస్తామని వచ్చిన సూక్ష్మరుణ కంపెనీలను మరిచిపోయామా? వారం వారం వసూలు. కంతు కట్టలేనామె ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టేవాళ్లు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెస్తే గానీ పగ్గం పడలేదు. నీళ్లు, బడి, ఆసుపత్రి ప్రభుత్వమే చూడాలి.

అనంతపురం: అన్నా, ఆ టెన్షన్ మా ఇంట్లోనూ చూశాను. మా చిన్నమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కంతు కట్టింది. కానీ ఆ కంపెనీ ఎవరిది? అప్పు తీసుకున్న ఆడవాళ్లది కాదు. మీ పక్కనే ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు సొంత డబ్బు కూడబెట్టి, వాళ్లలో వాళ్లే అప్పులిచ్చుకుని, పిల్లలకు బడి కూడా పెట్టుకున్నారు. అక్కడ వడ్డీ కట్టినా సంఘానికే చేరుతుంది.

మా వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అయినా అందరం శెనక్కాయే వేసి మునిగాం. కొర్ర వేసుకోవచ్చు కదా అంటారు. కొర్ర పండించడం కాదు, దంచడం కష్టం. మా అవ్వ రోట్లో పోసి దంచి, చేటలో చెరిగి, పొట్టు పోకపోతే మళ్లీ పోసి దంచేది. ఒక్క పూట కూటికి రెక్కలు పడిపోయేవి. 1983లో రెండు రూపాయల బియ్యం రాగానే ఆ రోలు మూలకు పోయింది. కొర్ర మళ్లీ చేలోకి రావాలంటే పొట్టు తీసే మిల్లు కావాలి, కొనేవాళ్లు కావాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో రైతులు పెట్టుకున్న ధరణి సహకార సంఘం ఆ పనే చేస్తోంది. చిరుధాన్యాలు కొని, శుభ్రం చేసి అమ్ముతుంది. అది వ్యాపారమే కదా అన్నా.

కర్నూలు: ఓర్వకల్లు సంగతి ఒప్పుకుంటా. కానీ 1990ల్లో మన జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టు, ప్రభుత్వం వెనక నిలబడకుంటే ఆ సంఘాలు అంత దూరం వచ్చేవా?

అనంతపురం: రాకపోయేవేమో. అందుకే ప్రభుత్వాన్ని పక్కకు తప్పుకోమని నేను అనడం లేదు. తమ్ముడూ, రేపు క్లాసులో ఏ కంపెనీ గురించి చెప్పినా, అందులో వాటా ఎవరిది, నష్టం వస్తే ఎవరు మోస్తారు అని మీ సార్‌ను అడుగు.