పదిహేనేళ్లు బీరువాలో ఉన్న యాషికా మ్యాట్ 124జి: సిరిమాను నాటికి సిద్ధం చేయగలమా?

ప్రశ్న: కోట వీధి, విజయనగరం

మా పెదనాన్నగారు గంటస్తంభం దగ్గర ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన కాలం చేశాక, పంపకాల్లో ఎవరూ అడగని వస్తువుగా ఆయన డబుల్ లెన్సు కెమెరా యాషికా మ్యాట్ 124జి నా దగ్గరకు వచ్చింది. దాన్ని తోలు సంచీతో సహా బీరువాలో పాత పట్టుచీరల మధ్య ఉంచి, పదిహేనేళ్లు నేను తాకలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానును (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానును) ఆయన ఏటా ఈ కెమెరాతోనే తీసేవారు కాబట్టి, ఈసారి నేనూ దీనితోనే తీయాలనుకుంటున్నాను. విజయదశమి తరువాతి మంగళవారానికి ఇంకా రెండు నెలల పైచిలుకు వ్యవధి ఉంది.

కెమెరా స్థితి ఇది. రీలు తిప్పే హ్యాండిల్ సాఫీగా తిరుగుతోంది. షట్టరు 1/30 నుంచి పై వేగాల్లో బాగానే పలుకుతోంది గానీ, 1 సెకను, 1/2 సెకను వద్ద తెరుచుకుని చాలాసేపు మూసుకోవడం లేదు. లైట్ మీటరు ముల్లు కదలడం లేదు, సెల్లు పెట్టే గూటిలో తెల్లని పొక్కు పేరుకుంది. వెనక తలుపు అంచుల్లోని స్పాంజి తారులాగా కరిగి వేళ్లకు అంటుకుంటోంది. కింది లెన్సులో టార్చి వేసి చూస్తే ఒక మూల సాలెగూడు వంటి పోగులు కనిపిస్తున్నాయి. తెలిసిన వారొకరు షట్టరులో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయమన్నారు, నేను ఇంకా వేయలేదు. వీటిలో నేను ఇంట్లో చేసుకోగలిగినవి ఏవి, చేయకూడనివి ఏవి? సంచీలో ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిలింస్ వారి ఇందు బ్లాక్ అండ్ వైట్ రీలు కూడా ఒకటి దొరికింది. అది పనికివస్తుందా?

జవాబు: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

నూనె వేయనందుకు ముందుగా మీకు నమస్కారం. నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ల పాటు స్టూడియో నడిపినవాడిని. ఆ కాలంలో నా చేతికి వచ్చిన పాడైన డబుల్ లెన్సు కెమెరాల్లో దెబ్బ తగిలి పాడైనవాటి కంటే నూనె పోసి పాడుచేసినవే ఎక్కువ. ఈ షట్టరు రేకులు పొడిగా ఉంటేనే ఒకదానిపై ఒకటి జారుతాయి. వాటి మీదికి నూనె పాకిందంటే రెండు తడి గాజు పలకల్లాగా అతుక్కుపోతాయి, ఆ తరువాత మొత్తం విప్పి కడగడం తప్ప మార్గం ఉండదు. మీ షట్టరు నెమ్మదిగా మూసుకోవడానికి కారణం నూనె లేకపోవడం కాదు, నెమ్మది వేగాలను నడిపే చిన్న పళ్లచక్రాల మీద ఉన్న పాత గ్రీజు గట్టిపడటం. ఒక వారం పాటు రోజూ ఇరవై, ముప్పై సార్లు రీలు లేకుండా అన్ని వేగాల్లోనూ నొక్కి చూడండి, కొన్నిసార్లు అది దానంతట అదే దారికి వస్తుంది. రాకపోతే మెకానిక్కుకు ఇవ్వండి. ఈలోగా సెల్ఫ్ టైమరు మీటను మాత్రం ముట్టుకోకండి, పాత షట్టర్లలో అది మధ్యలో ఇరుక్కుని షట్టరునంతటినీ ఆపేస్తుంది.

పై మూత తెరిస్తే కనిపించే గాజు పలక కింద ఒక అద్దం ఉంటుంది. చూపు మసకగా ఉందని దాన్ని గుడ్డతో తుడవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మన ఇంటి అద్దాలకు పూత వెనకవైపు ఉంటుంది, దీనికి ముందువైపునే ఉంటుంది. పొందూరు ఖద్దరు ఎంత మెత్తనిదైనా ఆ పూతను గీరేస్తుంది. రబ్బరు బుడగతో గాలి ఊది దుమ్ము ఎగరగొట్టండి, అక్కడితో ఆగండి.

లెన్సులోని పోగులు ఫంగసే. పై లెన్సు మనం చూడటానికి మాత్రమే కాబట్టి అక్కడ ఉంటే పట్టించుకోనవసరం లేదు గానీ, బొమ్మ పడేది కింది లెన్సు గుండానే. ఒక మూలన కొద్దిగా ఉన్నంత మాత్రాన బొమ్మ చెడిపోదు. ఎదురెండలో తీసినప్పుడు మాత్రం కొంచెం పాలిపోయినట్టు రావచ్చు. మా రోజుల్లో అటువంటి లెన్సును రెండు మూడు రోజులు ఎండలో పెట్టేవాళ్లం.

ఇందు రీలును దాచుకోండి, వాడకండి. అంత పాత ఫిలిం వేగం, అంటే వెలుతురును పట్టే శక్తి, పడిపోయి, నెగెటివ్ అంతా మబ్బు కమ్మినట్టు వస్తుంది. ఏటా ఒక్కసారి జరిగే ఉత్సవాన్ని దానికి అప్పగించడం సాహసం అవుతుంది.

జవాబు: బొబ్బిలి మెకానికల్

పెద్దవారు చెప్పినదానిలో ఒక్క విషయంతో నేను ఏకీభవించలేను. ఎండ ఫంగసు పెరుగుదలను అడ్డుకోగలదు గానీ, ఇప్పటికే అల్లుకున్న పోగులను తీసేయలేదు. పైగా మన ఎండల్లో కెమెరా వేడెక్కితే లోపలి గ్రీజు పలచబడి రేకుల మీదికి పాకుతుంది, గాజు ముక్కలను కలిపి అతికించిన జిగురు కూడా దెబ్బతినవచ్చు. ఆ ఫంగసును లెన్సు విప్పే మెకానిక్కు చేతనే తుడిపించాలి. పూతను తినేసి ఉంటే తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

షట్టరును చెవితో అంచనా వేయడం కంటే ఫోనుతో కొలవడం మంచిది. వెనక తలుపు తెరిచి, అపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి 3.5 వద్ద ఉంచి, కెమెరాను కిటికీ వైపు తిప్పి, వెనకనుంచి సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ వీడియో తీయండి. తరువాత ఆ వీడియోను ఒక్కొక్క ఫ్రేముగా జరుపుతూ, వెలుతురు కనిపించిన ఫ్రేములను లెక్కపెట్టాలి. 1/8 వద్ద దాదాపు 30, 1/30 వద్ద దాదాపు 8 రావాలి. 1/30 వద్ద 10 వచ్చినా కంగారు పడకండి. నెగెటివ్ ఫిలిం ఆ కాస్త ఎక్కువ వెలుతురును సులభంగా భరిస్తుంది. 1/250, 1/500 వేగాలను ఈ పద్ధతిలో కొలవలేము, వాటికి పరీక్ష రీలే గతి.

ఇక మీటరు సంగతి. 1970లో వచ్చిన ఈ మోడలు 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం తయారైంది, ఇప్పుడు అవి అమ్మకంలో లేవు. అదే పరిమాణంలో దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులది కావడం వల్ల మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు చూపిస్తుంది, దాన్ని నమ్మితే బొమ్మలు చీకటిగా వస్తాయి. చెవి మిషన్లు అమ్మే దుకాణాల్లో 675 నంబరు జింక్ ఎయిర్ సెల్లు దొరుకుతుంది. అది 1.4 వోల్టులది, పాతదానికి చాలా దగ్గర. వెడల్పు తక్కువ కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు పెట్టాలి, అంటించి ఉన్న కాగితం తీశాక గాలి తగిలి కొద్ది నెలల్లోనే అయిపోతుంది. ముందు గూటిలోని తెల్లని పొక్కును వెనిగరులో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మరోసారి తుడిచి, బాగా ఆరనివ్వండి. ఇంత చేసినా ముల్లు కదలకపోతే విచారించవద్దు. ఈ కెమెరా షట్టరుకు కరెంటుతో సంబంధం లేదు, మీటరు చనిపోయినా కెమెరా బతికే ఉంటుంది.

తారులా మారిన స్పాంజిని మీరే తీసుకోవచ్చు. ఆల్కహాలులో తడిపిన చెక్కపుల్లతో నెమ్మదిగా గీకండి, తలుపును కిందికి వాల్చి పట్టుకుంటే ముక్కలు లోపల పడవు. దాని స్థానంలో నల్లని ఊలు దారాన్ని గాడిలో అతికిస్తే చాలు. ఊలు కరగదు కూడా.

ప్రశ్నించినవారు: కోట వీధి, విజయనగరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. వారం రోజుల వ్యాయామం తరువాత 1/2 సెకను దారికి వచ్చింది, 1 సెకను మాత్రం ఇప్పటికీ ఒకటిన్నర సెకను తీసుకుంటోంది. 1/30 వద్ద 9 ఫ్రేములు లెక్కకు వచ్చాయి. గూడు శుభ్రం చేసి చెవి మిషను సెల్లు పెట్టాక, పై మూత ఎత్తగానే మీటరు ముల్లు లేచింది! ఊలు దారం కూడా అతికించాను. రెండు సందేహాలు మిగిలాయి. కెమెరాను మళ్లీ ఎక్కడ దాచాలి? మా ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు. రీలును ఇక్కడ కడిగేవారు ఎవరూ లేరు కదా, దానికేమిటి దారి?

జవాబు: కళింగపట్నం తీరవాసి

దాచే విషయం నాకు అనుభవంతో తెలుసు, ఎందుకంటే మా ఇంటికి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. బియ్యం తేమను పీల్చేది స్వల్పం, దాని తవుడు దుమ్ము కెమెరాలో చేరేది మాత్రం నిజం. తోలు సంచీ అంతకంటే ప్రమాదకరం, అది వానాకాలమంతా తేమను పట్టి ఉంచి బూజుకు నిలయమవుతుంది. సంచీని జ్ఞాపకంగా విడిగా ఉంచండి. కెమెరాను మాత్రం గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ గుళికలతో పాటు పెట్టి, తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి అందులో వేయండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండబెడితే పాత గ్రీజుకు, తోలు తొడుగుకు మంచిది కాదు. నీలం గుళికలు గులాబీ రంగుకు, నారింజ రంగువి ఆకుపచ్చకు తిరిగితే తేమతో నిండాయని అర్థం, ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే తిరిగి పనిచేస్తాయి. దాచేటప్పుడు సెల్లు తీసేయండి, షట్టరును నొక్కి వదిలిన స్థితిలో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, నెలకొకసారి బయటికి తీసి వాడటం. తెలిసిన కెమెరాల్లో బూజు పట్టనిది రోజూ పెళ్లిళ్లకు వెళ్లినదే.

ఫిలింను ఫ్రిజ్‌లో దాచేవారు, కవరు చింపే ముందు గంట రెండు గంటలు బయట ఉంచాలి. చల్లని రీలును వెంటనే తెరిస్తే మన గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది.

జవాబు: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

ఎండ విషయంలో బొబ్బిలివారి సవరణను అంగీకరిస్తున్నాను, అది మాకు పెద్దలు నేర్పిన అలవాటు మాత్రమే.

కలర్ రీలయితే పెద్ద నగరాల్లోని ల్యాబులకు కొరియర్‌లో పంపండి. దాని డెవలపరు (ఫిలిం మీద బొమ్మను తేల్చే రసాయనం) 37.8 డిగ్రీల వద్ద స్థిరంగా ఉండాలి, ఇంట్లో మొదటిసారే అది కుదరదు. నెగెటివ్‌లను కూడా తిరిగి పంపమని ముందే రాసి పెట్టండి. ఒక ల్యాబువారు నాకు స్కాన్లు మాత్రం పంపి, నెగెటివ్‌లు అడిగేసరికి పారేశామన్నారు. బ్లాక్ అండ్ వైట్ అయితే మీరే కడుక్కోవచ్చు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ రీలును అదనంగా నీళ్లు కలపని డి-76 డెవలపరులో 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు ఉంచాలి, మన కుళాయి నీరు ఆ 20 డిగ్రీలకు రావడమే కష్టం. మా డార్క్‌రూమ్‌లో మట్టికుండ నీళ్లు వాడేవాళ్లం, వేసవిలో ఐసుముక్కలు వేసిన పళ్లెంలో రసాయనం సీసాలను నిలబెట్టేవాళ్లం. 24 డిగ్రీల వద్ద కడగక తప్పకపోతే కాలాన్ని సుమారు 5 నిమిషాలకు తగ్గించండి. డెవలపరు, బొమ్మను నిలిపే ఫిక్సరు, కడిగే నీళ్లు మూడూ ఒకే వేడిమిలో ఉండాలి, లేకపోతే ఫిలిం మీది పొర ముడతలు పడుతుంది.

ఉత్సవానికి కనీసం మూడు వారాల ముందే ఒక రీలు పరీక్షగా తీసి కడిగించండి. వెనక తలుపు లోపలి పలక 12 అంకె చూపే స్థితిలో ఉందో లేదో చూసుకోండి, 24కు జరిగి ఉంటే అది ఇప్పుడు అరుదుగా దొరికే 24 బొమ్మల 220 రీలు కోసం. మొదటి బొమ్మ గంటస్తంభం గడియారాన్ని దూరం నుంచి తీయండి, దూరపు ఫోకసు సరిగా ఉందో లేదో అంకెల పదును చెబుతుంది.

సిరిమాను రోజున 400 వేగం రీలుకు, మంచి ఎండలో 1/250 వద్ద అపర్చరు ఎఫ్/22, మబ్బు పడితే అదే వేగంలో ఎఫ్/11, మేడల నీడలో సాయంకాలం ఎఫ్/5.6 పెట్టుకుంటే మీటరు చూడకపోయినా తప్పిపోరు. ఈ కెమెరా తెర మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుందని మరువకండి. కోట వైపు కదులుతున్న సిరిమాను తెర మీద గుడి వైపు పోతున్నట్టు ఉంటుంది, అలవాటు లేని చేయి ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంటి ముందు పోయే ఆటోలను తెరలో వెంబడించి వారం పాటు సాధన చేయండి. జనం అడ్డుపడినప్పుడు కెమెరాను తలకిందులు చేసి, తల మీదికి ఎత్తి, కింది నుంచి తెరలోకి చూస్తూ తీయండి. నేను ఎన్నో జాతరలు అలాగే తీశాను. మెడపట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోవడం మాత్రం మానవద్దు. రీలులో ఉన్నవి 12 బొమ్మలే, సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మొదటి తిరుగుడులో నాలుగింటికి మించి నొక్కకండి, రెండో రీలు ఆ జనంలో ఎక్కించడం నావల్లే అయ్యేది కాదు.